ఊ కోసం వదిలిన చోటు

కంకిపాడు దాటగానే మా కారు ముందు చెరుకు లోడు ట్రాక్టరొకటి తగిలింది. దాన్ని దాటిపోదామంటే ఎదురుగా వరసగా బస్సులు. నాకు ఓపిక తక్కువ. హారన్ మీద చెయ్యి తియ్యకుండా కూర్చుంటే, పక్క సీట్లోంచి మా ఆవిడ సుజాత, "ఎంత మోగించినా ఆ చెరుకు ఇక్కడే పంచదారైపోదు లెండి, ఊరుకోండి" అంది. ఉయ్యూరులో మా మరదలి ఇంటికి భోజనాలకి బయల్దేరాం. వెనక సీట్లో మా నాలుగేళ్ళ చిన్ని అల్లరి పెట్టకుండా ఉంటుందని ఫోన్లో పిల్లల కథ పెట్టాం. ఎవరో ఒకాయన చక్కటి గొంతుతో, వెనక వేణువు వాయిస్తుండగా, ఎక్కడా తడబడకుండా ఒక నక్క కథ చెప్పుకుపోతున్నాడు.

చిన్ని వింటూ వింటూ "ఊ" అంది. ఆయన ఆగలేదు. మళ్ళీ "ఊ" అంది. అప్పటికి ఆయన ఇంకో రెండు వాక్యాలు దాటిపోయాడు, దాని ఊ వెళ్ళి ఆయన మాట మీద పడింది. దానికేం అర్థం కాక అక్క మొహంలోకి చూసింది.

పన్నెండేళ్ళ మా పెద్దమ్మాయి అమ్ములు కిటికీ బయటికి చూస్తూనే, "ఈయన ఊ కొట్టనివ్వడే, చిన్నీ" అంది.

నేను హారన్ మీంచి చెయ్యి తీసేశాను. సుజాత నా వైపు చూడకుండా ముందుకు చూస్తూ కూర్చుంది. ఆ మాట మా కారులో ఎవరి మీద పడిందో నలుగురిలో ముగ్గురికి తెలుసు. అది నా మీదే పడింది. టీచర్ గారు పోయి మూడేళ్ళు దాటింది గాని, ఆవిడ గొంతు విషయంలో నేను చేసిన పని మాత్రం నన్ను వదల్లేదు.

భవానీపురంలో మా కింద వాటాలో ఉండేవారు ఆవిడా, ఆవిడ చెల్లెలూ. ఉయ్యూరు చుట్టుపక్కల బళ్ళలో పాఠాలు చెప్పి రిటైరయ్యారని తప్ప ఆవిడ గురించి నాకు తెలిసింది తక్కువే. మా అందరికీ టీచర్ గారు, అమ్ములుకి టీచరమ్మమ్మ. సాయంత్రం ఆరున్నరకి మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించేది. పదహారు మెట్లు. తొమ్మిదో మెట్టు మీద ఒకసారి ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ ఎక్కేవారు. చంకలో పాత పుస్తకం ఒకటి. దానికి అట్ట ఎప్పుడో ఊడిపోయింది, న్యూస్ పేపరు అట్ట వేసుకునేవారు. నెలకోసారి అట్ట మార్చేవారు, చావు వార్తలున్న పేజీ మాత్రం వాడేవారు కాదు. "పిల్లల పుస్తకానికి అవెందుకండీ" అనేవారు.

లోపలికి రాగానే ముందు ఫ్యాను కట్టేసేవారు. వేసవైనా సరే. సోఫా చూపిస్తే కూర్చునేవారు కాదు. "దాంట్లో కూలబడితే నాతో పాటు కథ కూడా కూలబడుద్ది బాబూ" అని ప్లాస్టిక్ కుర్చీ లాక్కునేవారు. కళ్ళజోడు తీసి, పమిటకొంగుతో తుడిచి, ట్యూబులైటు వైపు ఎత్తి చూసి, పెట్టుకునేవారు. బొటనవేలితో చూపుడువేలిని రెండుసార్లు రుద్దేవారు. అక్కడ సుద్దముక్క లేకపోయినా ఆ పొడి దులుపుకోవడం మాత్రం పోలేదు. అప్పుడు మా ముగ్గురినీ ఒకసారి చూసి అడిగేవారు: "ఇవాళ ఎవరు ఊ?"

అదే ఆవిడ షరతు. కథ చదువుతుంటే ఒకరు ఊ కొట్టాలి. వాక్యం అయ్యాక, లేదా రెండు వాక్యాలయ్యాక, ఆవిడ ఒక్క క్షణం ఆగేవారు. ఆ క్షణంలో ఊ వినపడాలి. వినపడకపోతే మళ్ళీ ఆగి చూసేవారు. మూడోసారీ వినపడకపోతే పుస్తకం మూసేసి కిందికి వెళ్ళిపోయేవారు. కోపం కాదు, బతిమాలడమూ కాదు. "వినేవాళ్ళున్నారో లేదో తెలీకుండా చదివితే గోడకి చదివినట్టే. గోడలకి నేను ముప్పై ఏళ్ళు చెప్పానండీ, ఇంక చాలు" అని నవ్వేవారు.

ఊ విని ఆవిడ మనిషిని పోల్చేవారు. "ఇది ఆకలి ఊ, ముందు పిల్లకి అన్నం పెట్టమ్మా" అనేవారు సుజాతతో. "ఇది భయం ఊ. దగ్గరికి రా బంగారం" అనేవారు అమ్ములుతో. ఆదివారం చర్చిలో వాక్యం చదివి వచ్చిన రోజున గొంతు ఇంకా బాగుండేది. "మా చర్చిలో ఆమెన్ అంటారు, మీ ఇంట్లో ఊ అంటారు, రెండూ మెలకువగా ఉన్నామని చెప్పడమే" అని ఒకసారి అన్నారు.

నా సంగతి కూడా చెప్పాలి. పటమటలో పెళ్ళి వీడియోల ఎడిటింగు నా పని. రెండు రోజుల పెళ్ళిని నలభై నిమిషాలు చెయ్యమంటారు, చేస్తాను. పురోహితుడు దర్భలు వెతుక్కోవడం, పెళ్ళికొడుకు ముక్కు గోక్కోవడం, మైకు పట్టుకున్న పెద్దాయన చెప్పాల్సింది మర్చిపోయి నిలబడిపోవడం, అన్నీ కోసేస్తాను. ఏమీ జరగని చోటు కనబడితే నా చెయ్యి ఊరుకోదు. అలాంటివాణ్ణి రోజూ అరగంటసేపు ఆవిడ ఆగే చోట్ల మధ్య కూర్చోబెడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. సాయంత్రం ఆరున్నర అంటే నాకు ఒళ్ళు మండేది.

ఒకరోజు ఊ కొట్టే వంతు నాది. నేను ఫోన్లో ఎవరికో మెసేజీ పెట్టుకుంటూ, ఆవిడ ఆగినప్పుడల్లా "ఊ" అంటున్నాను. ఆవిడ మామూలు గొంతుతోనే, "అప్పుడు మేకపిల్ల కళ్ళజోడు పెట్టుకుని, కాలు మీద కాలేసుకుని పేపరు చదువుతోంది" అన్నారు. "ఊ" అన్నాను. "దానికి బాబుగారు కాఫీ తెచ్చిచ్చారు" అన్నారు. "ఊ" అన్నాను. అమ్ములు నేల మీద పడి దొర్లింది. సుజాత కొంగు నోట్లో కుక్కుకుంది. టీచర్ గారు మాత్రం నవ్వలేదు. "ఇది దొంగ ఊ" అని పుస్తకం మూసేసి, "రేపు మళ్ళీ మీదే వంతు" అని వెళ్ళిపోయారు. మర్నాడు ఫోను వంటింట్లో పెట్టి కూర్చున్నాను. అప్పట్నించీ, ఒప్పుకోవాలిగా, నాకూ కథ పట్టుకుంది.

లచ్చి అనే పిల్ల కథ అది. వరదలో దాని మేకపిల్ల కొట్టుకుపోతుంది. దాన్ని వెతుక్కుంటూ లచ్చి ఏడు రేవులు దాటాలి. ప్రతి రేవులో ఒక పడవవాడు ఒక ప్రశ్న అడుగుతాడు, జవాబు చెబితేనే అవతలికి దాటిస్తాడు. పెద్ద కథ. దాని చివరి పేజీలు ఎప్పుడో ఆవిడ క్లాసులోనే ఎవరో చింపేశారు. "ఏడో రేవులో ఏమవుద్దో పుస్తకంలో లేదండీ, నా దగ్గరుంది" అనేవారు. అన్ని తరగతులకీ ఒకేలా చెప్పారా అని అడిగితే, "ఎందుకు చెప్తాను? వినే పిల్లలు వేరు గదా" అన్నారు.

ఆ ఏడాది ఎండాకాలం చివర్లో ఆవిడ గొంతు బొంగురుపోయింది. నెపం ఆవకాయ మీద పెట్టారు, ఫ్యాను గాలి మీద పెట్టారు, ఇన్నేళ్ళ సుద్దపొడి మీద పెట్టారు. మిరియాల కషాయం తాగారు. ఒక సాయంత్రం అర పేజీ చదివి, దగ్గు ఆగక పుస్తకం మూసేశారు. చెల్లెలుగారు పట్టుబట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. పరీక్షలయ్యాక ఒక సాయంత్రం టీచర్ గారు మళ్ళీ మెట్లెక్కి వచ్చారు. ఆ రోజు చంకలో పుస్తకంతో పాటు ఒక పలక ఉంది. కుర్చీలో కూర్చుని, బలపంతో గుండ్రటి అక్షరాల్లో రాసి మాకు తిప్పి చూపించారు.

"క్యాన్సరట. గొంతు తీసేస్తారు. పదకొండు రోజులుంది."

సుజాత నేల మీద కూర్చుండిపోయింది. అమ్ములుకి అప్పుడు ఏడేళ్ళు, చదవడం వచ్చు. పలక వైపూ ఆవిడ మొహం వైపూ మార్చి మార్చి చూసింది. టీచర్ గారు అరచేత్తో పలక తుడిచి, మళ్ళీ రాశారు.

"ఇంకా ఆరు అధ్యాయాలు. ముగింపు వేరే."

వెనకాలే చెల్లెలుగారు మెట్లెక్కి వచ్చారు. ఆవిడ నర్సుగా చేసి రిటైరైన మనిషి, ఎప్పుడూ గొంతు పెంచగా నేను వినలేదు. ఆ రోజు గట్టిగా, "బాబూ, మీరైనా చెప్పండి. గొంతుకి పూర్తిగా రెస్టు ఇవ్వాలన్నారు డాక్టరుగారు. రోజూ వచ్చి చదువుతుందంట! రక్తం పడితే ఎవరు చూస్తారు?" అన్నారు. టీచర్ గారు చెల్లెలి మాట పూర్తయ్యేదాకా ఆగి, పలక మీద రాసి ఆవిడకి చూపించారు.

"తీసిపారేసే గొంతుకి రెస్టు దేనికే?"

చెల్లెలుగారు గోడవైపు తిరిగి నిలబడ్డారు.

నిజంగా ఆవిడని ఆపాలో వద్దో నాకు తెలియలేదు. ఏదో ఒకటి చెయ్యాలనిపించి, నాకు చేతనైంది చెప్పాను. "నేను రికార్డు చేస్తానండీ, మంచి మైకుతో. పాప ఎప్పుడు కావాలంటే అప్పుడు వింటుంది" అన్నాను. ఆవిడ మొహం వెలిగింది. పగలంతా ఒక్క మాట కూడా మాట్లాడకుండా పలక మీద నడిపించి, ఉన్న గొంతంతా సాయంత్రం అరగంటకి దాచిపెట్టడం అని ఒప్పందం కుదిరింది. పాలవాడికీ పలకే, చర్చి నుంచి చూడ్డానికి వచ్చినవాళ్ళకీ పలకే.

ఇంట్లో రికార్డింగు పెట్టుకుంటే గానీ మన ఇళ్ళలో ఎంత చప్పుడుందో తెలియదు. కిటికీలకి దుప్పట్లు కట్టాను. ఎదురింటివాళ్ళని ఆ అరగంట మిక్సీ వెయ్యొద్దని బతిమాలాను. ఫ్రిజ్ కట్టేశాను. టీచర్ గారి పమిట అంచుకి చిన్న కాలరు మైకు తగిలించాను. ఆవిడ నా వైపు చూసి, కళ్ళజోడు తుడుచుకుని, "ఎవరు ఊ?" అన్నారు. అమ్ములు చెయ్యెత్తింది. మొదటి వాక్యం. ఆవిడ ఆగారు. అమ్ములు "ఊ" అంది. నా హెడ్‌ఫోన్లో ఆ ఊ ఢామ్మని మోగింది.

"అమ్ములూ, నువ్వు మాట్లాడకూడదు, రికార్డింగు పాడవుద్ది" అన్నాను.

టీచర్ గారు నా వైపు చాలాసేపు చూశారు. పలక అందుకుని రాశారు: "ఊ లేకుండానా?"

"మీరు ఆగే చోట ఆగండి. పాప నోరు మూసుకుని తల ఊపుద్ది. మీకు కనపడుద్దిగా" అన్నాను. ఆవిడ ఏమనుకున్నారో గాని ఒప్పుకున్నారు. అలా మొదలైంది. ఆవిడ ఒక వాక్యం చదివి ఆగడం, మా అమ్మాయి పెదవులు బిగించి, కళ్ళు పెద్దవి చేసి తల ఊపడం, ఆవిడ మళ్ళీ చదవడం.

రోజురోజుకీ గొంతు సన్నబడిపోయింది. మొదటి రోజు పన్నెండు పేజీలు చదివిన మనిషి ఐదో రోజుకి ఆరు పేజీలు చదవలేకపోయారు. ఆరో రోజున నాలుగో అధ్యాయం మధ్యలో ఎదురింట్లో కుక్కర్ విజిల్ వేసింది. చెయ్యెత్తి ఆపాను. "ఆ పేజీ మళ్ళీ కావాలండీ." మళ్ళీ చదివారు. ఈసారి కింద రోడ్డు మీద ఆటో హారన్. మళ్ళీ చెయ్యెత్తాను. మూడోసారి చదువుతుంటే దగ్గు వచ్చింది. రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, తీసి, చటుక్కున మడిచేశారు. ఆ మడతలో ఎర్రటి మరక సుజాత కంటపడింది.

"చాలు, ఆపెయ్యండి" అంది సుజాత నాతో. అది నాకు వినపడింది. అయినా నేను చూస్తున్నది రికార్డరు మీటరు. "ఇంకొక్క పేజీ, అయిపోతే అధ్యాయం అయిపోద్ది" అన్నాను. ఇప్పుడు తల్చుకుంటే ఆ మనిషి నేనేనా అనిపిస్తుంది. నేనే. ఆవిడ ఆ పేజీ చదివారు. చదివి దిగి వెళ్తుంటే మెట్ల మీద మూడు చోట్ల ఆగారు. అమ్ములు రెయిలింగు పట్టుకుని లెక్కపెట్టి వచ్చి నాకు చెప్పింది.

తొమ్మిదో రోజుకి ఆరు అధ్యాయాలూ అయ్యాయి. మిగిలింది పుస్తకంలో లేని ముగింపు. మర్నాడు పొద్దున్నే షాపుకి వెళ్ళి రికార్డింగు ముందేసుకున్నాను. పక్కిళ్ళ ఫ్యాన్ల గుర్రు తీశాను, దగ్గులు తీశాను, పేజీ తిప్పే చప్పుడు తీశాను. ఆ తర్వాత నా చెయ్యి అలవాటుగా ఇంకో బటన్ మీదికి వెళ్ళింది. ఏ చప్పుడూ లేని చోట్లన్నీ వెతికి ఒక్క దెబ్బకి కలిపేసే బటన్ అది. రోజుకి పదిసార్లు వాడతాను. నొక్కాను. రెండున్నర గంటల చదువు గంటా ముప్పావు అయింది. విన్నాను. ఎక్కడా ఆగకుండా, రేడియోలో వార్తల్లా సాఫీగా పోతోంది. నా పని నాకే ముచ్చటేసింది. సాయంత్రం పెళ్ళి షూటింగుకి మెమరీ కార్డు కావాలని అసలు రికార్డింగు తుడిచేశాను. అదీ అలవాటే.

పదో రోజు మధ్యాహ్నం స్పీకరు పట్టుకుని కింద వాటాకి వెళ్ళాను. మర్నాడు ముగింపు చెప్పి, ఆ మరుసటి పొద్దున ఆసుపత్రిలో చేరాలి ఆవిడ. చెల్లెలుగారు టీ ఇచ్చారు. అమ్ములు టీచరమ్మమ్మ మంచం మీద ఆవిడ పక్కనే కూర్చుంది. నేను బటన్ నొక్కాను. టీచర్ గారి గొంతు వచ్చింది. అమ్ములు ముందుకి వంగి, పెదవులు బిగించి, తల ఊపడానికి సిద్ధమైంది. మొదటి వాక్యం అయింది. దాని తల కదిలేలోపే రెండోది వచ్చేసింది. మూడోది. నాలుగోది. అది రెండుమూడుసార్లు తల ఊపబోయి, ఎక్కడ ఊపాలో తెలీక ఆగిపోయింది.

నేను ఇంకా నవ్వుతూనే ఉన్నాను, మెచ్చుకుంటారని. టీచర్ గారి మొహం చూశాక నవ్వు ఆగింది. తన గొంతు తనని తరుముతుంటే చూస్తున్నట్టు కూర్చున్నారు. చెయ్యి ఎత్తి ఆపమన్నారు. ఆపాను. పలక తీసుకున్నారు. బలపం రెండుసార్లు పలక మీద ఆగింది. అప్పుడు రాశారు.

"ఎవరికి చదివాను?"

"నాన్నా, నేను తల ఊపిన చోట్లేవి?" అంది అమ్ములు.

"ఖాళీలు తీసేశానురా. ఏమీ లేదుగా అక్కడ" అన్నాను. అంటూనే అర్థమైంది నాకు.

"మళ్ళీ పెట్టు."

అప్పుడు చెప్పక తప్పలేదు. "అసలుది లేదండీ. తుడిచేశాను" అన్నాను టీచర్ గారితో. చెల్లెలుగారు టీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు. వంటింట్లో పంపు చాలాసేపు నడిచింది. తొమ్మిది రోజులపాటు ఆవిడ దాచుకుని, దాచుకుని ఖర్చు పెట్టిన గొంతు. రక్తం కక్కి చదివిన పేజీలు. వాటిల్లోంచి మా అమ్మాయిని నేనే తీసేశాను. నాకు ఏడుపొచ్చింది, ఆవిడ ముందు ఏడవడానికి సిగ్గేసింది.

టీచర్ గారు పలక తుడిచి రాశారు: "రేపు సాయంత్రం వస్తాను."

పదకొండో రోజు. పదహారు మెట్లు ఎక్కడానికి ఆవిడకి ఎంతసేపు పట్టిందో గాని, కింది మెట్టు మీద చప్పుడు వినపడగానే మేము ముగ్గురం గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాం. సాయానికి దిగుదామనుకుంటే చెయ్యి అడ్డం పెట్టారు. వెనక చెల్లెలుగారు. లోపలికి వచ్చి, ఫ్యాను కట్టేసి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. నేను కాలరు మైకు తీసుకుని దగ్గరికి వెళ్ళాను. నా చెయ్యి పక్కకి తోసేశారు. రికార్డరు తీసుకెళ్ళి అంత దూరాన టీవీ స్టాండు మీద పెట్టి, ఆన్ చేసి, గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఆవిడ అమ్ములుని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నారు. కళ్ళజోడు తుడుచుకున్నారు. వేలు రుద్దుకున్నారు.

"ఎవరు ఊ?" అన్నారు. గరగరమంటున్న గొంతు.

"నేను" అంది అమ్ములు, గట్టిగా.

మొదలుపెట్టిన రెండు నిమిషాలకి వాన వచ్చింది. పక్కింటి రేకుల మీద టపటపా మొదలై, జోరందుకుంది. అలవాటుగా నా చెయ్యి లేచింది, ఆపమనడానికి. సుజాత ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించి, ఇంక వదల్లేదు. దాటిన రేవులన్నీ ఒకసారి గుర్తుచేస్తూ వచ్చారు, ఆరో రేవు దాకా గొంతు వినపడింది. లచ్చి ఆరో పడవ దిగింది. ఆవిడ ఆగారు. "ఊ" అంది అమ్ములు. ఇంకో వాక్యం. "ఊ." ఆ తర్వాత బావిలో చేద తాడు అయిపోయినట్టు, గొంతు అందలేదు. నోరు తెరిచారు, చప్పుడు లేదు. చెల్లెలుగారు ఒకడుగు ముందుకు వేసి ఆగిపోయారు.

టీచర్ గారు అమ్ములు తల దగ్గరికి తీసుకుని, దాని చెవి దగ్గర పెదవులు పెట్టారు. పెదవులు కదులుతున్నాయి. మాకు వాన తప్ప ఏమీ వినపడదు. పెదవులు ఆగాయి.

"ఊ" అంది అమ్ములు.

మళ్ళీ కదిలాయి, మళ్ళీ ఆగాయి. "ఊ." అలా ఎంతసేపో. మేము ముగ్గురం పెద్దవాళ్ళం ఊపిరి బిగబట్టి నిలబడి, కథ ఎటు పోతోందో ఆ ఊలని బట్టి తెలుసుకోవాలని చూశాం. ఒకచోట భయం ఊ వచ్చింది. ఒకచోట ఆలోచన ఊ. చివర్లో ఒకటి, సాగదీసి, నిదానంగా. అప్పుడు టీచర్ గారు పుస్తకం మూసేశారు.

ఆ ఫైలుని నేను ఎన్నిసార్లు విన్నానో. కాపీ చేసుకుని, నాకు తెలిసిన విద్యలన్నీ వాడి వాన తీసేసి చూశాను. వాన కింద ఏమీ లేదు. మా అమ్మాయి ఊలు మాత్రం ఉన్నాయి. దాన్ని ఎక్కడా కొయ్యలేదు.

ఆపరేషన్ అయ్యాక టీచర్ గారు ఏడాదిన్నర ఉన్నారు. మెట్లెక్కేవారు కాదు. సాయంత్రం ఆరున్నరకి అమ్ములే కిందికి దిగి, ఆవిడ మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, స్కూలు పుస్తకాల్లోంచో, అరువు తెచ్చిన పుస్తకాల్లోంచో కథలు చదివేది. ఒక వాక్యం చదివి ఆగేది. ఆవిడ వేలి ఉంగరంతో మంచం పట్టె మీద టక్ మని కొట్టేవారు. అదే ఊ. నేను గుమ్మం దగ్గర నిలబడి వినేవాణ్ణి. లోపలికి వెళ్ళడానికి మొహం చెల్లేది కాదు. ఒక రోజు ఆవిడే నన్ను చూసి పలక అందుకున్నారు. "ఇవాళ బాబు ఊ" అని రాసి తిప్పారు. వెళ్ళి నేల మీద కూర్చున్నాను. ఆ రోజు కొట్టినన్ని ఊలు నా జన్మలో కొట్టలేదు. మధ్యలో నా ఊ ఆగిన చోట ఆవిడ ఉంగరం నా బదులు మోగింది.

ఇంకోరోజు ధైర్యం చేసి అడిగాను, ఏడో రేవులో ఏమైందో పలక మీద రాసిపెట్టమని. తల అడ్డంగా ఊపారు. "చెప్పాను కదా" అని రాశారు. "నాకు వినపడలేదండీ" అన్నాను. అమ్ములు వైపు బలపం చూపించి ఊరుకున్నారు.

ఆవిడ పోయాక చెల్లెలుగారు ఆ పుస్తకం, పలక తెచ్చి అమ్ములుకి ఇచ్చి, ఊరు వెళ్ళిపోయారు. అమ్ములుని ముగింపు చెప్పమని నేను రెండుసార్లు అడిగాను. మొదటిసారి అది మొదలుపెట్టగానే నాకు ఫోనొచ్చింది, ఎత్తాను. రెండోసారి, షాపుకి టైమైపోతోందని, "టూకీగా చెప్పమ్మా" అన్నాను. అచ్చం టీచర్ గారు చూసినట్టు నా వైపు చాలాసేపు చూసి, "తర్వాత చెప్తాలే నాన్నా" అంది. ఆ తర్వాత నేను అడగలేదు. భయం. మూడోసారీ ఊ కొట్టలేకపోతే టీచర్ గారిలాగే పుస్తకం మూసేస్తుందని.

ఇదంతా ఆ చెరుకు ట్రాక్టరు వెనక, హారన్ కొట్టకుండా కూర్చున్న కాసేపట్లో నా తలలో తిరిగింది. వెనక నక్క కథ ఇంకా నడుస్తోంది. అమ్ములు ముందుకు వంగి, "నాన్నా, ఆ వాన ఫైలు నీ ఫోన్లో ఉందా?" అంది.

"ఉంది."

"పెట్టనా? చిన్నికి."

సుజాత నక్క కథ ఆపేసి, నా ఫోను దానికిచ్చింది. నేను కారు పక్కకి తీసి, కాలవ గట్టు మీద ఆపాను. వెనక బస్సువాడు నన్ను తిట్టుకుంటూ పోయాడు. ట్రాక్టరు చెరుకు ఆకులు రాల్చుకుంటూ ముందుకి వెళ్ళిపోయింది. కారు స్పీకర్లలో ఆ గరగర గొంతు వచ్చింది. "ఎవరు ఊ?" "నేను" అంది ఏడేళ్ళ అమ్ములు. "నేను" అంది చిన్ని కూడా, తననే అడిగారనుకుని. వాన మొదలైంది. రేవులు దాటుతున్నాయి. ఆ గొంతు ఆగినప్పుడల్లా చిన్ని ఊ కొట్టింది, దాని ఊకి చోటు దొరికింది. ఆరో రేవు. గొంతు అయిపోయింది. ఒట్టి వాన.

ఆ వానలో అమ్ములు మొదలుపెట్టింది. పెద్దగా కాదు, మామూలుగా. "ఏడో రేవులో ఎవరూ లేరు." ఆగింది. ఫోన్లోంచి "ఊ" వచ్చింది. "పడవ ఉంది, తాడు ఉంది, ప్రశ్న అడిగేవాళ్ళు లేరు." ఆగింది. "ఊ." ఒక్క వాక్యం ముందు కాలేదు, ఒక్కటి వెనక కాలేదు. చెవిలో పడిన ప్రతి మాటనీ, ప్రతి ఆగడాన్నీ అది ఐదేళ్ళుగా ఎక్కడ దాచిపెట్టుకుందో. "అవతలి ఒడ్డు నుంచి మేకపిల్ల అరుపు వినపడుతోంది. లచ్చి అరిచింది, నన్నెవరైనా ఏదైనా అడగండీ అని." భయం ఊ. "ఎవరూ అడగలేదు. ఇంక ఆ పడవలో గడ వేసేవాళ్ళు రారని లచ్చికి తెలిసింది." ఆలోచన ఊ. సుజాత ఏడుస్తోంది.

"అప్పుడు లచ్చి తనే పడవెక్కి గడ పట్టుకుంది" అంది అమ్ములు.

ఆగింది. ఫోన్లోంచి ఆ సాగదీసిన చివరి ఊ వచ్చి, వానలో కలిసి, రికార్డింగు అయిపోయింది. చిన్ని ఎప్పుడు నిద్రపోయిందో, అక్క ఒళ్ళో తల వాల్చేసింది. కథ అక్కడితో అయిందనుకున్నాను. అమ్ములు మాత్రం ఇంకో వాక్యం చెప్పింది, ఫైల్లో చోటు లేని వాక్యం.

"సగం నది దాటాక వెనక్కి తిరిగి చూస్తే, ఏడో రేవులో ఇంకో పిల్ల నిలబడి ఉంది, పడవ కోసం."

చెప్పి ఆగింది. అద్దంలోంచి నా వైపే చూస్తూ, ఎదురుచూస్తోంది. నాలుగు క్షణాలో ఐదు క్షణాలో ఆ ఖాళీ అలాగే ఉంది, నా కోసం.

"ఊ" అన్నాను.